ముసలి కుందేలు సామాన్లు: ఏది కొనాలి, ఏది షాపులోనే వదిలెయ్యాలి

ఐదారేళ్ళు దాటిన కుందేలుని ముసలిదిగానే లెక్కేసుకోవాలి. బాగా చూసుకుంటే ఇంకో నాలుగైదేళ్ళు సుఖంగా బతుకుతుంది. ఈ వయసులో ఇంటివాళ్ళు పెట్ షాపుకి వెళ్ళి చెప్పే బాధ దాదాపు ఎప్పుడూ ఒకటే: తోక కింద పెంట అంటుకుంటోంది, వాసన కొడుతోంది. నల్గొండలో అడిగినా, మహబూబ్‌నగర్‌లో అడిగినా కౌంటరు మీదికి వచ్చే సరుకు కూడా ఇంచుమించు ఒకటే. ఒక షాంపూ సీసా, రంగురంగుల గింజల మిక్స్, గూటికి వేలాడదీసే ఉప్పు రాయి, ఇనుప పళ్ళ బ్రష్, పిల్లులకు వాడే గడ్డకట్టే లిట్టర్, ఒక నీళ్ళ సీసా. నీళ్ళ సీసా సంగతి తర్వాత చెప్పుకుందాం. మిగతా ఐదూ ముసలి కుందేలుకి మేలు చెయ్యవు, కొన్ని నేరుగా కీడే చేస్తాయి. ఆ డబ్బుతోనే కొనదగినవి ఏమిటో, మన చుట్టుపక్కల పొలాల్లో, కిరాణాల్లో దొరికేవి ఏమిటో చూద్దాం.

ముందు పొట్ట సంగతి

కుందేలు రెండు రకాల పెంటికలు వేస్తుంది. ఒకటి అందరికీ తెలిసిన గుండ్రటి ఎండు పెంటిక. వేళ్ళతో నలిపితే లోపల గడ్డి పొట్టు తప్ప ఏమీ ఉండదు, వాసనా రాదు. రెండోది ద్రాక్షగుత్తిలా ఒకదానికొకటి అతుక్కుని, నల్లగా, మెత్తగా, మెరుస్తూ, ఘాటు వాసనతో ఉంటుంది. నమిలిన మేతలోని ముతక పీచు పెద్దపేగు గుండా నేరుగా బయటికి పోతుంది. సన్నటి పొడి మాత్రం వెనక్కి మళ్ళి, పెద్దపేగు మొదట్లో సంచిలా ఉండే అంధనాళంలోకి చేరుతుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి ప్రొటీను, బి విటమిన్లు తయారుచేస్తాయి. ఆ మెత్తటి గుత్తిని కుందేలు తోక కిందికి మూతి వంచి, నేల మీద పడకముందే అందుకుని మింగేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కుందేలు దగ్గర ఈ గుత్తి మన కంట పడదు.

ముసలి కుందేలుకి తోక కింద అంటుకునేది చాలాసార్లు ఇదే. విరేచనాలనుకుని మందు వెయ్యకూడదు. నడుము, తుంటి కీళ్ళు అరిగి వంగలేకపోవడం ఒక కారణం. ఒళ్ళు పెరగడం, ఆడ కుందేలుకి గంగడోలు పెద్దదై మూతికి అడ్డం రావడం ఇంకో కారణం. దవడ పళ్ళకి మొనలు తేలి నాలుకకి గుచ్చుకుంటున్నా వంగి అందుకోదు. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది మేతలో పీచు తగ్గి పిండి పదార్థం పెరగడం. పిండి ఎక్కువైతే మెత్తటి పెంటిక అవసరానికి మించి, పలచగా తయారవుతుంది. కుందేలు దాన్ని తినదు, మీద కూర్చుంటుంది. షాంపూతో కడిగితే ఆ పూటకి పోతుంది, మర్నాడు మళ్ళీ అక్కడే ఉంటుంది. అందుకే షాంపూకి మా లెక్కలో సున్నా మార్కులు.

నీళ్ళలా కారే విరేచనం వేరు. అందులో గట్టి పెంటికలు అసలు కనిపించవు. అది కనిపిస్తే అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి.

గడ్డి: డబ్బు పెట్టాల్సింది ఇక్కడే

మేతలో 80 శాతానికి పైగా గడ్డే ఉండాలి. 2 కిలోల కుందేలు, వృథాతో కలిపి, రోజుకు 70 నుంచి 100 గ్రాముల ఎండుగడ్డి ఖర్చు చేస్తుంది. అంటే నెలకు రెండు నుంచి మూడు కిలోలు. 200 గ్రాముల అందమైన ప్యాకెట్టు రెండు రోజుల సరుకు. కిలో ధర లెక్కేస్తే అన్నిటికంటే ఖరీదైనదీ అదే. కొంటే కిలో పైబడిన బ్యాగే కొనాలి.

తిమోతి గడ్డి చలి దేశాల పంట. మన ఎండలకు పండదు, దిగుమతి చేసుకున్నదే దొరుకుతుంది. దాని మంచితనం పీచులోనే ఉంది: పొడుగాటి కాడల్ని కుందేలు దవడ అడ్డంగా ఆడిస్తూ నమలాల్సి వస్తుంది, జీవితాంతం పెరుగుతూనే ఉండే పళ్ళు అలా సమంగా అరుగుతాయి. బ్యాగు విప్పగానే మూడు చూడాలి. రంగు పచ్చదనం కలిసిన లేత గోధుమగా ఉండాలి. పూర్తిగా పసుపైపోతే ఎండలో పాతబడిన సరుకు. తియ్యటి గడ్డి వాసన రావాలి. ముక్క వాసన వస్తే బూజు పట్టినట్టే. గుప్పెడు తీసి తెల్లకాగితం మీద దులిపితే పొడి ఎక్కువ రాలకూడదు. ఆ ధూళి కుందేలు ముక్కులోకి, కళ్ళలోకి పోతుంది. పళ్ళు బలహీనపడిన ముసలి కుందేలుకి మొదటి కోత కంటే ఆకు ఎక్కువగా ఉండే రెండో కోత గడ్డి మెత్తగా నప్పుతుంది. అదీ నమలలేకపోతే కత్తెరతో రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలు చేసి పెట్టొచ్చు. అంతకంటే సన్నగా, పొడి చేస్తే మాత్రం పేగుని కదిలించే ముతక పీచు లేకుండా పోతుంది.

తిమోతి కొనే స్తోమత లేకపోతే కుందేలు ఆరోగ్యం పోతుందనుకోవద్దు. దానికి కావాల్సింది ముతక పీచు, ఆ పేరు కాదు. మన దగ్గర దొరికే వాటిలో మొదటి స్థానం గరికకి. ఎండినా పచ్చిగా ఉన్నా మంచిదే. రెండోది గినీ గడ్డి, అంజన్ గడ్డి లాంటి పశుగ్రాసాలు. గొర్రెలు, పాడి పశువులు ఉన్న రైతుల దగ్గర మోపు లెక్కన దొరుకుతాయి. కంకి వేసే దశలో కోసిన మోపు తెచ్చుకుని నీడ పట్టున పలచగా పరిచి, రోజుకు రెండుసార్లు తిరగేస్తే రెండు మూడు రోజుల్లో ఎండుతుంది. కాడని మెలిపెడితే పుటుక్కున విరగాలి. వంగితే ఇంకా తేమ ఉన్నట్టు. ఏప్రిల్, మే ఎండలో నేరుగా పెడితే ఒక్క రోజులోనే ఎండుతుంది గాని రంగు, విటమిన్ ఎ ఇచ్చే కెరోటిన్ పోతాయి. గోనెసంచిలో నింపి నేలకి తగలకుండా పీట మీద పెట్టాలి. వానాకాలంలో ప్లాస్టిక్ సంచిలో బిగించి పెడితే వారంలో బూజే.

సూపర్ నేపియర్ గురించి చాలామంది అడుగుతారు. ఆకు మాత్రం కోసి, మిగతా మేతతో కలిపి కొద్దిగా పెట్టొచ్చు. నీటి శాతం ఎక్కువ, కిడ్నీలకి చెడు చేసే ఆక్సలేట్లు ఎక్కువ, కాడ మరీ మొద్దు. దానిమీదే ఆధారపడొద్దు.

మిర్యాలగూడ, నల్గొండ చుట్టూ వరిగడ్డి కుప్పలు కుప్పలుగా ఉంటుంది కాబట్టి అదే సరిపోతుందనే మాట వినిపిస్తుంది. సగం నిజం. పీచు ఉంది, ప్రొటీను మరీ తక్కువ, సిలికా ఎక్కువ, రుచి లేక కుందేలు కడుపు నిండా తినదు. పడకకి, కాలక్షేపానికి కొరకడానికి వాడండి. ప్రధాన మేతగా వద్దు. తవుడైతే పూర్తిగా వద్దు. అందులో పీచు కంటే పిండి, నూనె ఎక్కువ, మన వేడికి త్వరగా కనరు వాసన పడుతుంది.

పాలమూరు వైపు జొన్న చొప్ప, వేరుశనగ కట్టె అందుబాటులో ఉంటాయి. ముదిరి, గింజ తీసి, బాగా ఎండిన చొప్ప ఆకు పెట్టొచ్చు. లేత జొన్న, వానలేక వాడిన జొన్న, కోసిన మోడు నుంచి మళ్ళీ పిలక వేసిన జొన్న పెట్టకూడదు. పశువులకి నాము తగిలేది అందులోని సైనైడ్ వల్లే. ఎద్దునే పడగొట్టేది రెండు కిలోల కుందేలుని బతకనివ్వదు. వేరుశనగ కట్టె పప్పుజాతి మేత. ప్రొటీను, కాల్షియం రెండూ ఎక్కువ. బక్కచిక్కిన కుందేలుకి అప్పుడప్పుడు చిన్న గుప్పెడు సరే. ఒళ్ళున్న కుందేలుకి, ఉచ్చలో తెల్ల మడ్డి పడే కుందేలుకి వద్దు. లూసర్న్, దశరథ గడ్డికి కూడా ఇదే మాట. సుబాబుల్ ఆకులో మిమోసిన్ అనే విష పదార్థం ఉంటుంది, దూరంగా ఉంచాలి.

గడ్డి ఎక్కడిదో అడగకుండా తేవద్దు. పత్తి చేల గట్ల మీద గడ్డి పచ్చగా ఉంటుంది గాని పురుగుమందు, కలుపు మందు తుంపర అంతా దాని మీదే పడుతుంది. మూసీ నీళ్ళ కింద పెరిగిన నీటిగడ్డి, ఊరి మురుగు కాలువ పక్క గరిక పనికిరావు. రోడ్డు పక్కన కోసిన గరికలో వయ్యారిభామ కలిసి వస్తుంది. ఒక్కో మొక్క ఏరి పారేశాకే గంపలోకి వెయ్యాలి. కొత్త గడ్డికి మారేటప్పుడు పాతదానిలో కొంచెం కొంచెంగా కలుపుతూ వారం, పది రోజులు తీసుకోవాలి.

పెల్లెట్లు, గింజల మిక్స్, ఆకుకూరలు

రంగురంగుల మిక్స్‌లో ఎండు మక్కలు, పొద్దుతిరుగుడు గింజలు, బఠానీలు, రంగు బిస్కెట్ ముక్కలు ఉంటాయి. కుందేలు తీపివి, కొవ్వువి ఏరుకుని తిని పీచు ముక్కలు వదిలేస్తుంది. తోక కింద మురికికి సగం కారణం ఈ ప్యాకెట్టే. కోళ్ళ దాణా ఇంకా ప్రమాదం: కోళ్ళ కాక్సిడియా జబ్బుకి అందులో కలిపే సాలినోమైసిన్ లాంటి మందులు కుందేలుకి విషం. బ్రాయిలర్ కుందేళ్ళ ఫారం దాణా విషం కాదు గాని, మూడు నెలల్లో బరువు ఎక్కించడానికి చేసినది. కీళ్ళ నొప్పులున్న ముసలి కుందేలుకి బరువే శత్రువు.

పెల్లెట్లు, అంటే గడ్డి పొడిని అదిమి చేసిన మేత గుళికలు, కొనేటప్పుడు ప్యాకెట్టు వెనక చూడాల్సింది మూడు అంకెలు: పీచు కనీసం 18 శాతం, 20 దాటితే మంచిది, ప్రొటీను 12 నుంచి 14, కాల్షియం 1 శాతం లోపు. అన్నీ ఒకే ఆకారంలో, ఒకే రంగులో ఉండాలి. ఆన్‌లైన్‌లో దొరికే వాటిలో ఆక్స్‌బో ఎసెన్షియల్స్ అడల్ట్ ర్యాబిట్‌కి పీచు 25 నుంచి 29 శాతం, తిమోతితో చేసినది. మురికి సమస్య ఉన్న కుందేలుకి మా మొదటి ఎంపిక అదే. వెర్సెలె-లాగా వారి కూనీ అడల్ట్ కంప్లీట్‌లో పీచు 20, ప్రొటీను 14. గుల్లగా ఉంటుంది కాబట్టి పళ్ళు సరిగ్గా లేనివి ఇష్టంగా తింటాయి. పెద్ద బ్యాగు చవకే గాని తెరిచాక మన ఎండలకి రెండు మూడు నెలల్లో వాడెయ్యాలి. తడి గాలి తగలని స్టీలు డబ్బాలో పోసుకోండి.

పరిమాణం కిలో బరువుకి రోజుకు 25 గ్రాములు మించకూడదు. తోక కింద మురికి ఉంటే వారానికి పావు వంతు చొప్పున తగ్గిస్తూ 10, 15 గ్రాములకి తేవాలి. రెండు మూడు వారాల్లో తేడా కనిపిస్తుంది. ఒక్కసారిగా ఆపేస్తే, ముఖ్యంగా గడ్డి తినడం అలవాటు లేని కుందేలు, పస్తుండి పేగు ఆగిపోయే దాకా తెచ్చుకుంటుంది. బక్కగా ఉండి పళ్ళ బాధ ఉన్నదానికి తగ్గించనే వద్దు. గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి ముద్దగా పెట్టాలి.

ఆకుకూరలు రైతు బజార్లో దొరికేవే చాలు. కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకు, కాలీఫ్లవర్ ఆకు, కొద్దిగా మెంతికూర, కిలో బరువుకి రోజుకొక పెద్ద గుప్పెడు, రెండు మూడు రకాలు కలిపి. మందుల వాసన పోయేలా పది నిమిషాలు నీళ్ళలో ఉంచి, కడిగి, నీరు కారిపోయాక పెట్టాలి. పాలకూర, తోటకూర, గోంగూర, చుక్కకూరల్లో ఆక్సలేట్లు ఎక్కువ కాబట్టి వారానికి ఒకటి రెండుసార్లు రుచికి. మునగాకు మనుషులకు మంచిదని కుందేలుకి రోజూ పెడుతుంటారు. కాల్షియం ఎక్కువ, రెండు రెమ్మలు దాటొద్దు. ఉల్లి, వెల్లుల్లి, ఉల్లికాడలు, ఆలుగడ్డ, టమాటా ఆకు, చామ ఆకు వద్దు. నల్గొండ బత్తాయి, బాలానగర్ సీతాఫలం కుందేలు ముందు పెట్టొద్దు: రెండింటిలో చక్కెర, సీతాఫలం గింజల్లో, ఆకుల్లో విషం కూడా. అన్నం, రొట్టె, బిస్కెట్, పెరుగు కూడా వద్దు. క్యారెట్ అయితే వేలి గోరంత ముక్క.

ఉప్పు రాయి, మినరల్ రాయి గురించి రెండు మాటలు చాలు. అవసరం లేదు. మినరల్ రాయి కాల్షియం ఒంట్లోకి అదనంగా చేరి ఉచ్చలో మడ్డి పెంచుతుంది. కుందేలు పేగు మేతలోని కాల్షియాన్ని ఎంత ఉంటే అంత పీల్చుకుంటుంది, మిగులు కిడ్నీల గుండా ఉచ్చలోకే పోవాలి.

నీళ్ళు

కుందేలు కిలో బరువుకి రోజుకు 50 నుంచి 150 మి.లీ. నీళ్ళు తాగుతుంది. ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. సీసా గొట్టం నుంచి చుక్క చుక్క నాకే కంటే గిన్నెలోంచి తాగేటప్పుడు ఎక్కువ తాగుతుంది. మెడ ఎత్తలేని ముసలిదానికి గిన్నే సుఖం. కాబట్టి సీసా కొంటే ప్రయాణాలకు దాచుకోండి. ఇంట్లోకి బరువైన మట్టి మూకుడు మేలు: ఒరిగిపోదు, నీళ్ళు చల్లగా ఉంటాయి. రోజూ తోమాలి, గంగడోలు తడిసే కుందేలుకి లోతు తక్కువది ఎంచాలి.

మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్ళ సంగతి అందరికీ తెలిసిందే. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ మనిషి పళ్ళని, ఎముకల్ని ఏం చేసిందో ఆ ఊళ్ళు చూశాయి. పళ్ళు జీవితాంతం పెరిగే జంతువుకి ఆ నీళ్ళు పోయడం న్యాయం కాదు. ఇంట్లో మనుషులు తాగే మిషన్ భగీరథ నీళ్ళో, ఆర్‌ఓ నీళ్ళో కుందేలుకీ పోయాలి. బోరు నీళ్ళు కాచి పోస్తే ఫ్లోరైడ్ పోదు. ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్ళలో ఇంకా చిక్కబడుతుంది.

శుభ్రం చేసే సామాన్లు

కొనాల్సింది తక్కువ. ఒక మెత్తటి రబ్బరు బ్రష్, ఒక పేన్ల దువ్వెన, చిన్న గోళ్ళ కత్తెర, రెండు పాత నూలు తువ్వాళ్ళు, కిరాణాలో దొరికే తెల్ల కార్న్‌ఫ్లోర్ ప్యాకెట్టు. ఇనుప పళ్ళ బ్రష్ వద్దు. కుందేలు తోలు కాగితమంత పల్చన, గీసుకుంటే చీరుతుంది. టాల్కం పౌడర్ ఊపిరితిత్తులకి చెడు కాబట్టి దాని బదులే కార్న్‌ఫ్లోర్. సువాసన వైప్స్, డెట్టాల్, వేపనూనె, కుంకుడు రసం దేనికీ చోటు లేదు. కుందేలు ఒంటి మీద రాసిందంతా చివరికి నాలుక ద్వారా పొట్టలోకే పోతుంది.

ఒళ్ళంతా స్నానం ఎప్పుడూ చేయించొద్దు. భయంతో తన్నుకుంటే వెన్నెముక విరగొచ్చు, తడిసిన బొచ్చు ఆరడానికి గంటలు పడుతుంది. తోక కింద మాత్రమే ఇలా:

1. ఎండి అంటుకుంటే కార్న్‌ఫ్లోర్ చల్లి వేళ్ళతో మెల్లగా నలపాలి. పొడి పొడి అయ్యాక పేన్ల దువ్వెనతో కొసల నుంచి మొదలుకి వస్తూ తియ్యాలి. లాగొద్దు. కత్తెర పెట్టొద్దు; ముడి కింద తోలు కూడా లేచి వస్తుంది, తెగుతుంది.

2. తడిగా, చాలా ఉంటే వెడల్పాటి టబ్బులో అడుగున తువ్వాలు పరిచి, రెండు వేళ్ళ లోతు గోరువెచ్చని నీళ్ళు పోసి, వెనక భాగం మాత్రమే ఆనేలా నిలబెట్టాలి. ఒక చెయ్యి ఛాతీ కింద, ఒకటి పిరుదుల కింద. మూడు నాలుగు నిమిషాలు నాననిచ్చి వేళ్ళతో వదిలించాలి. సబ్బు వద్దు.

3. తువ్వాలుతో అద్ది, హెయిర్ డ్రయర్ తక్కువ వేడిలో పెట్టి, మన చెయ్యి మధ్యలో అడ్డు ఉంచి ఆరబెట్టాలి. పొర లోపల దాకా ఆరిందా లేదా బొచ్చు పాయ తీసి చూడాలి. తడి మిగిలితే తోలు పాచి ఎర్రబడుతుంది, ఈగ వాలుతుంది.

వెల్లకిలా పడుకోబెట్టి చెయ్యొద్దు. అలా పడుకోబెడితే కదలకుండా ఉండడం హాయి వల్ల కాదు, భయంతో బిగుసుకుపోవడం వల్ల. ఒడిలో మన పొట్ట వైపు తల పెట్టి కూర్చోబెట్టుకుంటే చాలు. జననాంగానికి రెండు పక్కలా మడతల్లో నల్లటి మైనం పేరుకుని ఘాటు వాసన వస్తుంది. చాలామంది స్నానం కావాలనుకునేది దీనివల్లే. దూదికి చుక్క కొబ్బరినూనె అద్ది నానబెట్టి తుడిస్తే వచ్చేస్తుంది. నెలకోసారి చాలు.

బొచ్చు రాలే రోజుల్లో రోజూ దువ్వాలి. కుందేలుకి వాంతి రాదు కాబట్టి మింగిన బొచ్చు గడ్డి పీచుతోనే బయటికి పోవాలి. గోళ్ళు నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి. రక్తం వస్తే కార్న్‌ఫ్లోర్ నొక్కి పట్టండి.

ఈగల విషయంలో ఆలస్యం పనికిరాదు. వానాకాలంలో, మామిడిపళ్ళ రోజుల్లో రోజుకి రెండుసార్లు తోక ఎత్తి చూడాలి. ఈగ పెట్టిన గుడ్లు ఒక్క రోజు లోపే పురుగులై తోలు తొలుస్తాయి. తెల్లటి బియ్యపు నూకల్లా కనిపించేవి గుడ్లు, పేన్ల దువ్వెనతో తీసెయ్యొచ్చు. పురుగు ఒక్కటి కనిపించినా చిమటాతో కనబడినంత తీసి వెంటనే డాక్టరు దగ్గరికి. పశువుల పుండ్లలో పురుగులకి వాడే టర్పెంటైన్, కర్పూరం, ఫినాయిల్, పశువుల స్ప్రేలు కుందేలు మీద వాడొద్దు. కుక్కల పేలకి మెడ మీద వేసే ఫిప్రోనిల్ చుక్కలు కుందేలు ప్రాణం తీస్తాయి. షాపులో "అన్నిటికీ అదే" అన్నా నమ్మొద్దు.

లిట్టర్, నేల

గడ్డకట్టే మట్టి లిట్టర్ తడికి ఉబ్బుతుంది, మింగితే పొట్టలో గట్టిపడుతుంది. మన దగ్గర చవకగా దొరికే ఊక గరుకు, ధూళి ఎక్కువ. పల్లి పొట్టులో బూజు, దాని వెంట అఫ్లటాక్సిన్ అనే బూజు విషం భయం. రంపపు పొట్టు ముక్కుకి పడదు. అన్నిటికంటే సులువైనది పాత న్యూస్‌పేపర్ నాలుగు పొరలు, పైన గుప్పెళ్ళకొద్దీ ఎండుగడ్డి. రోజూ చుట్టి పారేసి మార్చాలి. కాగితంతో చేసిన లిట్టర్ పెల్లెట్లు ఇంకా బాగా పీల్చుకుంటాయి, ఖర్చు భరించగలిగితే అవీ మంచివే.

ట్రే కోసం పెట్ షాపు దాకా పోనక్కర్లేదు. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు తీసుకుని ఒక పక్క అంచుని నేల నుంచి ఐదు సెంటీమీటర్ల ఎత్తుకి కోసి, కోసిన అంచుకి టేపు చుట్టాలి. కీళ్ళు పట్టేసిన కుందేలు ఎత్తైన అంచు దాటలేక బయటే పోసుకుని అందులోనే కూర్చుంటుంది. తొడల లోపల బొచ్చు రాలి ఎర్రబడేది అలాగే. గడ్డి ట్రేలోనే ఒక చివర పెడితే తింటూ అక్కడే వేస్తుంది. ట్రేకి పట్టే తెల్లటి పెచ్చు తెల్ల వెనిగర్ పోసి పావుగంట ఉంచితే వదులుతుంది. బ్లీచింగ్ పౌడర్ వద్దు, ఉచ్చలోని అమ్మోనియాతో కలిసి ఘాటు విషవాయువు పుడుతుంది.

ఇనుప జాలీ నేల ఉన్న గూడు ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు, మడమలు పుండ్లు పడతాయి. నున్నటి టైల్స్ మీద ముసలి కాళ్ళు జారతాయి, నూలు చాప, పాత దుప్పటి పరవాలి. ఎండాకాలానికి పాలిష్ పెట్టని తాండూరు బండ ముక్క ఒకటి మూలన వెయ్యండి. దాని మీద బోర్లా పడుకుని పొట్ట చల్లబరుచుకుంటుంది. 30 డిగ్రీలు దాటితే కుందేలుకి ప్రమాదం మొదలవుతుంది, మన దగ్గర మే నెలలో 44 దాటిన రోజులు కొత్తేమీ కాదు. ఎండాకాలం పొడి వేడికి కూలర్ పనిచేస్తుంది. జూలై నుంచి అదే కూలర్ తేమ పెంచి గడ్డికి బూజు తెస్తుంది, అప్పుడు ఫ్యాన్ చాలు.

ముందే ఇంట్లో ఉంచుకోవాల్సినవి

అన్నిటికంటే పైసా వసూల్ వస్తువు వంటింటి డిజిటల్ త్రాసు, 5 కిలోల దాకా తూగేది. వారానికోసారి తూచి గోడ క్యాలెండర్ మీద రాయండి. బొచ్చు కింద బక్కచిక్కడం కంటికి తెలియదు. 2 కిలోల కుందేలు రెండు మూడు వారాల్లో 100 గ్రాములు తగ్గితే దవడ పళ్ళు చూపించాలి. గడ్డం తడిగా ఉండడం, గడ్డి నోట్లో పెట్టుకుని వదిలెయ్యడం కూడా పళ్ళ బాధ గుర్తులే.

తిండి మానేసిన కుందేలుకి నీళ్ళలో కలిపి సిరంజితో పట్టించే మేత, ఆక్స్‌బో క్రిటికల్ కేర్ పొడి, ఒక ప్యాకెట్టు ఫ్రిజ్‌లో ఉండాలి. జిల్లా కేంద్రాల్లో అడిగిన రోజే దొరకదు, ఆర్డరు వచ్చే దాకా కుందేలు ఆగదు. ఒక పెద్ద చెంచా పొడికి రెండు పెద్ద చెంచాల గోరువెచ్చని నీళ్ళు. కిలో బరువుకి రోజుకు మూడు పెద్ద చెంచాల పొడి, అంటే సుమారు 24 గ్రాములు, నాలుగైదు పూటలుగా. సూది లేని సిరంజితో ముందు పళ్ళ వెనక ఖాళీలో, పక్క నుంచి, ఒక్కసారికి అర నుంచి ఒక మి.లీ. మింగాకే తర్వాతది. పొడి లేకపోతే పెల్లెట్లే నానబెట్టి మిక్సీలో మెత్తగా రుబ్బి వాడొచ్చు, కిలోకి పూటకి 10, 15 మి.లీ.

పది పన్నెండు గంటలు ఏమీ తినలేదు, పెంటికలు వెయ్యలేదు అంటే అది అత్యవసరం. డిజిటల్ థర్మామీటర్‌తో మలద్వారంలో చూస్తే మామూలు వేడి 38.5 నుంచి 39.5 సెల్సియస్, 38 కంటే తగ్గితే తువ్వాలు చుట్టిన వేడినీళ్ళ సీసా పక్కన పెట్టి బయల్దేరండి. పొట్ట ఉబ్బి బిగుసుకుపోయి ఉంటే సిరంజితో మేత పెట్టొద్దు, పేగు అడ్డుపడి ఉండొచ్చు. వాము నీళ్ళు, గ్రైప్ వాటర్ పోస్తూ కూర్చుంటే సమయం పోతుంది. ఇంట్లో పిల్లలకి మిగిలిన యాంటీబయాటిక్ సిరప్ అస్సలు వద్దు. అమాక్సిసిలిన్, యాంపిసిలిన్ లాంటివి నోటి ద్వారా ఇస్తే పేగులోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, క్లాస్ట్రీడియం జాతి క్రిములు పెరిగి వాటి విషంతో కుందేలు చనిపోతుంది.

డాక్టరు దగ్గరికి

జిల్లా పశువైద్యశాలల్లో ఎక్కువగా వచ్చేవి బర్రెలు, గొర్రెలు, మేకలు, కుక్కలు. జబ్బు రాకముందే ఒకసారి వెళ్ళి, కుందేలు దవడ పళ్ళు చూసే పరికరం ఉందా, పళ్ళ మొనలు అరగదీస్తారా, కుందేలుకి మత్తు ఇచ్చిన అనుభవం ఉందా అని అడిగి పెట్టుకోండి. లేదంటే హైదరాబాద్ రాజేంద్రనగర్ వెటర్నరీ యూనివర్సిటీ ఆసుపత్రే దిక్కు. నల్గొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా సుమారు వంద కిలోమీటర్లు. ఆరు నెలలకొకసారి పళ్ళు చూపించడానికి వెళ్ళేటప్పుడు ఎండెక్కకముందే బయల్దేరాలి. గట్టి బుట్టలో తువ్వాలు, గడ్డి పరిచి, గుడ్డ చుట్టిన ఐసు నీళ్ళ సీసా ఒక పక్కన పెట్టాలి. మత్తు ఇస్తారంటే ముందు రాత్రి నుంచి పస్తు ఉంచమని ఎవరైనా అనొచ్చు. అది వాంతి చేసుకునే కుక్కలకి వర్తించే నియమం. కుందేలుకి వాంతి రాదు, పస్తుంటే పేగు ఆగిపోతుంది. అలవాటైన గడ్డి సంచి వెంట పట్టుకెళ్ళి, మత్తు దిగి తల ఎత్తగానే దాని ముందు పెట్టండి.